14 నెలలు జపనీస్ నేర్చుకున్నా, ఫోన్లో ఒక్క ముక్క రాలేదు. తప్పు నాదా, యాప్‌దా?

తోకచుక్క
14 నెలలుగా జపనీస్ నేర్చుకుంటున్నాను. అంతా ఫోన్లో, కంప్యూటర్లోనే. ఒక యాప్‌లో (పేరెందుకు లెండి) 420 రోజుల స్ట్రీక్ (ఒక్కరోజూ మానకుండా చేసిన రోజుల లెక్క) ఉంది. హిరగానా, కతకానా అనే రెండు అక్షరమాలలూ వచ్చేశాయి. ఓ 600 కాంజీలు (చైనా నుంచి వచ్చిన లిపి గుర్తులు) చూస్తే గుర్తుపడతాను. మొన్న ఆఫీసు కాల్‌లో అవతల జపాన్ ఆయన నన్ను ఒక చిన్న ప్రశ్న అడిగారు. ఫైలు ఎప్పుడు పంపుతారు, అంతే. ఆ సంగతి కూడా తర్వాత రికార్డింగ్ పదిసార్లు వింటే తెలిసింది. ఆ క్షణంలో నాకు వినబడింది 'ఫైరు' అన్న మాట ఒక్కటే. ఎక్కడో నిప్పంటుకుందేమో అనుకున్నాను. కంగారులో 'హై, హై' అని ఐదారుసార్లు అన్నాను.

ఇన్నాళ్ళూ చేసిందంతా వృథాయేనా? యాప్‌లన్నీ తీసేసి ఎవరైనా మాస్టారి దగ్గర చేరాలా?

గోడమీద_పిల్లి
ఎప్పుడు పంపుతారంటే 'అవును, అవును' అన్నారన్నమాట. పాపం ఆయన ఇంకా ఇన్‌బాక్స్ చూసుకుంటూ ఉంటారు.

నిదానం
వృథా కాదు గానీ, యాప్ మీకు నేర్పింది గుర్తుపట్టడం. కాల్‌లో కావలసింది గుర్తుచేసుకోవడం, అదీ రెండు సెకన్లలో. నాలుగు ఫొటోలు ముందు పెట్టి ఇందులో మీ చిన్నప్పటి స్నేహితుడు ఎవరంటే ఠక్కున చూపిస్తారు. తెల్లకాగితం ఇచ్చి ఆ ముఖం గీయమంటే? మాటల బిళ్ళలు జరిపి వాక్యం పేర్చే ఆటలో సగం జవాబు వాళ్ళే ఇచ్చేస్తారు. మూడు బిళ్ళలు పెడితే నాలుగోది ఎక్కడికి పోతుంది?

స్పానిష్‌తో నేనూ ఏడాది ఇలాగే మురిసిపోయాను. ఒకరోజు బిళ్ళలు ఆపేసి, జవాబు టైప్ చేసే సెట్టింగ్ పెట్టాను. పదికి తొమ్మిది వచ్చేవి కాస్తా నాలుగుకి పడ్డాయి. సిగ్గేసి రెండు రోజులు యాప్ తెరవలేదు.

మాస్టారి సంగతి తర్వాత. ఈ 420 రోజుల్లో నోరు తెరిచి పైకి పలికింది ఎన్నిసార్లు?

తోకచుక్క
బస్సులో కూర్చుని చేస్తానండీ. పైకి పలికితే పక్క సీటు ఖాళీ అవుతుంది.

గోడమీద_పిల్లి
అయితే రెండు లాభాలు.

వానపాము
స్ట్రీక్‌ని మరీ తీసిపారేయకండి. నేను మూడు భాషలు మొదలుపెట్టి మూడింటినీ రెండో నెలలో వదిలేసిన మనిషిని. నాలుగోది 200 రోజులు దాటిందంటే ఆ అంకె సున్నా అయిపోతుందన్న భయమే కారణం. భయంతో చదివినా చదువు చదువే.

గోడమీద_పిల్లి
రాత్రి 11:58కి, ఉన్నవాటిలో అన్నిటికంటే సులువైన పాఠం వెతుక్కుని.

వానపాము
నిఘా పెట్టారా ఏంటి?

కీబోర్డు_కామేశం
యాప్ మానేసి ఆంకీ అనే కార్డుల ప్రోగ్రాం పెట్టుకోండి. ఆ పేరే జపనీస్, కంఠతా పట్టడం అని. 2006 నుంచి ఉంది, కంప్యూటర్లో ఉచితం. వెనకున్న సూత్రం మాత్రం చాలా పాతది. 1885లో ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన అర్థంలేని అక్షరాల ముక్కలు తనే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో లెక్క కట్టి పుస్తకం వేశాడు. ఎక్కువ భాగం మొదటి కొన్ని గంటల్లోనే జారిపోతుంది, మిగిలింది మెల్లగా పోతుంది. జారిపోయే ముందు ఒకసారి తట్టి లేపితే తర్వాతి గడువు పెరుగుతుంది. 1970ల్లో లైట్నర్ అనే ఆయన ఇదే పనిని గదులున్న పెట్టెతో చేయించాడు. వచ్చిన కార్డు వెనక గదిలోకి, రానిది మళ్ళీ మొదటి గదిలోకి. 1987లో సూపర్‌మెమో అనే ప్రోగ్రాం ఆ పనిని కంప్యూటర్‌కి అప్పజెప్పింది. ఆంకీ చాలాకాలం సూపర్‌మెమో పాత లెక్క మీదే నడిచింది. 2023లో ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే కొత్త లెక్క వచ్చింది. సెట్టింగుల్లో ఆన్ చేసుకుంటే, మీరు ఏవి ఎంత త్వరగా మరిచిపోతారో మీ పాత జవాబులు చూసి గడువులు వేస్తుంది.

ఒక్క జాగ్రత్త. కొత్త కార్డులు రోజుకు 10 దాటనివ్వకండి. నేను ఉత్సాహం కొద్దీ 30 పెట్టుకున్నాను. నెల తిరిగేసరికి రోజూ 200 పైనే పాతవి వచ్చి మీద పడ్డాయి. నాలుగు రోజులు జ్వరమొచ్చి లేచి చూస్తే 900.

పాత_రేడియో
కామేశం గారి మందు మంచిదే, రోగం వేరు. తోకచుక్క గారికి 600 కాంజీలు వచ్చు, మీ మాట వింటే వెయ్యి వస్తాయి. ఫోన్లో ఆయన అడిగింది మాత్రం అప్పుడూ అర్థం కాదు. చెవి కళ్ళ వెనకే ఉండిపోయింది.

నేను జర్మన్ నేర్చుకున్నది క్యాసెట్లతో. ఒకే వాక్యాన్ని వెనక్కి తిప్పి తిప్పి టేపు నలిగిపోయేది. ఇప్పుడు మీ అందరికీ అది వేలి పని. జర్మన్‌కి డాయిష్ వెల్లె అనే ప్రసార సంస్థ వాళ్ళు వార్తల్ని నిదానంగా చదివి వినిపిస్తారు, పక్కనే రాత కూడా ఉంటుంది. జపనీస్‌కి అక్కడి ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కె వాళ్ళ సులభ వార్తలు ఉన్నాయి. అరనిమిషం ముక్క తీసుకోండి. రాత చూడకుండా వినండి, విన్నది విన్నట్టు కాగితం మీద రాయండి, మళ్ళీ వినండి, అప్పుడు రాతతో సరిచూడండి. ఎక్కడ తప్పారో అక్కడే మీ చెవికి చిల్లు ఉంది. రోజుకి అరనిమిషం ముక్క చాలు, అది పూర్తయ్యేసరికి ఇరవై నిమిషాలు పడుతుంది. పని చేసుకుంటూ పక్కన పెట్టుకుని వింటే చెవికి అది ఫ్యాన్ చప్పుడుతో సమానం.

ఆ రికార్డింగ్‌లో ఆయన సరిగ్గా ఏమన్నారో రాసి పెట్టగలరా?

తోకచుక్క
'ఫైరు వా ఇత్సు ఒకుత్తె ఇతదకెమాసు క.' యాప్‌లో నేను నేర్చుకున్నది 'ఇత్సు ఒకురిమాసు క'. అదైతే దొరికి ఉండేదేమో.

నిదానం
అదీ సంగతి. మీరు నేర్చుకున్నది 'ఎప్పుడు పంపుతారు', ఆయన అన్నది 'ఎప్పటికి పంపిపెట్టగలరు'. పాఠం మర్యాద దాకా రాలేదు.

ద్విత్వాక్షరం
తోకచుక్క గారూ, ఆ యాప్ మీకు జపనీస్‌ని ఏ భాషలో చెబుతోంది?

తోకచుక్క
ఇంగ్లీషులో. తెలుగులో చెప్పేది నాకు దొరకలేదు.

ద్విత్వాక్షరం
చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. జపనీస్ వాక్యం నడక దాదాపు మన నడకే. మనం దాన్ని ఇంగ్లీషులోకి తలకిందులు చేసి, మళ్ళీ నిలబెట్టుకుంటున్నాం. నేను రెండేళ్ళు ఆ పనే చేశాను కాబట్టి చెబుతున్నా.

'కినో మిత హితొ.' నిన్న, చూసిన, మనిషి. ఒక్క మాట కూడా జరపక్కర్లేదు. దీన్నే ఇంగ్లీషులో చెప్పాలంటే మనిషిని ముందుకు లాగి, వెనక ఒక తోక కట్టాలి.

'కురు తొ ఇత్త.' వస్తానని అన్నాడు. ఆ 'తొ' మన 'అని'.

'యొండె మిరు.' చదివి చూడు. ఇక్కడ 'చూడు' అంటే కళ్ళకి పనేం లేదు, ఓసారి ప్రయత్నించు అని. 'మిరు' కూడా అంతే. ఇంగ్లీషు వ్యాకరణం దీనికి పేరా వివరణ రాస్తుంది. ఆ పేరా చదివి నేనూ బుద్ధిగా హైలైటర్ గీసుకున్నాను. ఆరు నెలల తర్వాత మా చెల్లి ఫోన్లో 'ఓసారి చేసి చూడవే' అన్నప్పుడు తలలో బల్బు వెలిగింది.

వస్తువులైతే రెండు, మనుషులైతే ఇద్దరు. వాళ్ళకీ ఫుతత్సు, ఫుతరి. (ముగ్గురి దగ్గర వాళ్ళు వేరే దారి పట్టారు, అది వేరే కథ.)

మీ కాల్‌లో వచ్చిన 'ఒకుత్తె ఇతదకెమాసు క' కూడా 'పంపి' అనే ముక్కతోనే మొదలవుతుంది. దాని వెనక ఉన్నది 'అందుకోగలనా' అనే వినయం. మీరు పంపడాన్ని నేను అందుకోగలనా అని. తెలుగులో అలా అనం గానీ భావం వెంటనే పట్టుబడుతుంది.

ఇక రాత. నోట్సు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోకండి. 'కితె' అంటే వచ్చి, 'కిత్తె' అంటే తపాలా బిళ్ళ. 'ఒబసాన్' పిన్ని వరస, 'ఒబాసాన్' అమ్మమ్మ. ఒత్తులూ దీర్ఘాలూ వినడానికి ఇంగ్లీషువాళ్ళు నానా తంటాలు పడతారు. మన చెవి పుట్టిన దగ్గర్నుంచీ అదే పనిలో ఉంది.

అల్లరి_అచ్చు
వినడానికి బాగుంది గానీ ఇది ఇంకో ఊతకర్రే. ఇంగ్లీషు కర్ర పారేసి తెలుగు కర్ర పట్టుకోమంటున్నారు. తెలుగులో అనుకుని జపనీస్‌లోకి మార్చేలోపు కాల్ ముగుస్తుంది. నా కార్డుల్లో ఏ అనువాదమూ ఉండదు. ఒకవైపు బొమ్మ, ఒకవైపు ఆ భాష మాట.

పైగా తెలుగు అంత నమ్మకస్తురాలేం కాదు. మనకి మనిషైనా బల్లైనా ఒకటే 'ఉంది'. వాళ్ళకి ప్రాణం ఉన్నవాటికి 'ఇరు', లేనివాటికి 'అరు'. నేను ఆన్‌లైన్ క్లాసులో 'మాస్టారు గదిలో అరు' అన్నాను. బల్లలు, కుర్చీలు, మాస్టారు. ఆయన నవ్వి ఊరుకున్నారు కాబట్టి బతికిపోయాను.

ద్విత్వాక్షరం
అది తెలుగు తప్పు కాదు, సరిచూసుకోకపోవడం తప్పు. కలిసేచోట తెలుగుని వాడుకోండి, కలవని చోట ఎర్రజెండా పెట్టుకోండి. 'వా', 'గా' అనే రెండు ప్రత్యయాల తేడాకి తెలుగులో సరిపోయే జోడీ నాకూ దొరకలేదు. అక్కడ ఉదాహరణలు గుట్టగా చదవడమే. బొమ్మల కార్డు 'కుర్చీ'కి సరే. 'అయినప్పటికీ'కి ఏ బొమ్మ పెట్టారు?

అల్లరి_అచ్చు
...ఒక పిల్లాడు వానలో గొడుగు లేకుండా వెళ్తున్న బొమ్మ.

గోడమీద_పిల్లి
నాకైతే అది 'జలుబు'.

పాత_రేడియో
జర్మన్ నేర్చుకునేటప్పుడు 'ఆడపిల్ల' అనే మాట నపుంసకలింగం అని తెలిసి క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక తట్టింది, 'ఆవిడ వచ్చింది, బస్సు వచ్చింది' అనే మనం ఎవర్ని చూసి నవ్వుతున్నాం?

కీబోర్డు_కామేశం
ద్విత్వాక్షరం గారి మాట నిజమైతే జపనీస్‌కి 2200 గంటలు పడుతుందనే ఆ ప్రసిద్ధ లెక్క మనకి వర్తించదా? అది చూసే నేను జపనీస్ మొదలుపెట్టలేదు.

ద్విత్వాక్షరం
అది అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ వాళ్ళ లెక్క. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న ఉద్యోగులకి ఎన్ని క్లాసు గంటలు పడుతుందని. స్పానిష్‌కి అందులో మూడో వంతు చాలు. మన లెక్క వేరే ఉండాలి, వేసినవాళ్ళు నాకు కనబడలేదు. వ్యాకరణంలో మనకి చాలా మిగులుతుంది. కాంజీ దగ్గర మాత్రం ఏ రాయితీ లేదు. వాళ్ళ ప్రభుత్వం నిత్యవాడుకకని పెట్టిన పట్టికలోనే 2136 ఉన్నాయి.

సున్నా_అరసున్నా
ఎదురు దిక్కు నుంచి ఒక కేసు. మా ఆవిడ మాతృభాష మరాఠీ. పెళ్ళయ్యాక ఎవరికీ చెప్పకుండా నెట్‌లో తెలుగు మొదలుపెట్టింది. రెండు నెలల తర్వాత మా అమ్మ బయటికి బయల్దేరుతుంటే ఎదురొచ్చి, "అత్తయ్యగారూ, మీరు ఎచ్చటికి వెళ్ళుచున్నారు?" అంది. మా అమ్మ నాటకంలో పద్యం మొదలవుతుందేమో అన్నట్టు నిలబడిపోయింది.

తప్పు ఆమెది కాదు. ఆమెకి దొరికిన పాఠాలు, పీడీఎఫ్‌లు అలాగే ఉన్నాయి. బ్రౌన్ నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉంది, ఆంధ్రభారతి అనే సైట్‌లో ఎన్నో నిఘంటువులు ఒకేచోట వెతకొచ్చు, కానీ 'వెళ్తున్నావా', 'వెళ్ళొస్తా', 'వెళ్ళిపోయాడు', 'వెళ్ళలేకపోయా' ఎప్పుడు ఏది అనాలో నిఘంటువు చెప్పదు. చివరికి పనిచేసింది మా కుటుంబం వాట్సాప్ గ్రూపు. వచ్చిన వాయిస్ మెసేజ్‌లన్నీ రెండేసిసార్లు వినేది, జవాబు వాయిస్‌లోనే పెట్టేది. ఇప్పుడు మా మేనత్తల గొడవలు నాకంటే తనకే బాగా తెలుసు.

వానపాము
ఇంట్లో అంత కంటెంట్ ఉన్నవాళ్ళకి యాప్ ఎందుకు!

మిణుగురు
ఎవరూ చాట్‌బాట్ ఎత్తలేదేంటి? రోజూ రాత్రి ఇరవై నిమిషాలు ఫ్రెంచిలో మాట్లాడతాను, గొంతుతోనే. తప్పు మాట్లాడితే నవ్వదు, విసుక్కోదు, నాలుగోసారి అడిగినా అదే ఓపిక. నాలాంటి బిడియస్తులకి ఇంతకంటే ఏం కావాలి.

నిదానం
ఆ ఓపికతోనే చిక్కు. నేను కావాలని తప్పు వాక్యం చెబితే 'చాలా బాగా చెప్పారు' అని కథ ముందుకి నడిపింది ఒకటి. ఇంకోసారి ఒప్పుగా ఉన్న వాక్యాన్ని దిద్ది, లేని నియమం ఒకటి ఎంతో ధీమాగా చెప్పింది. వ్యాకరణ సందేహానికి అక్కడ వచ్చిన జవాబుని వేరేచోట చూసుకోకుండా నోట్సులో ఎక్కించకండి. ముందే షరతు పెట్టుకుంటే కొంత నయం: ప్రతి జవాబు చివర నా తప్పు ఒక్కటే, అన్నిటికంటే పెద్దది, చెప్పు అని. పది తప్పులు ఒకేసారి చూపిస్తే ఒక్కటీ గుర్తుండదు.

మిణుగురు
ఒక్క తప్పు షరతు బాగుంది, ఈ రాత్రే పెడతా. నా అనుభవంలో ఇంకో చిక్కు, దానితో మాట్లాడీ మాట్లాడీ నా ఫ్రెంచి వార్తలు చదివినట్టు తయారైంది. నిజం మనిషితో మాట్లాడినప్పుడు ఆవిడ మర్యాదగా, 'మీరు ఎక్కడైనా ఉపన్యాసాలు ఇస్తారా' అని అడిగింది.

సున్నా_అరసున్నా
మా ఆవిడని పరిచయం చేస్తా మీకు.

అల్లరి_అచ్చు
అందుకే అంటున్నా, యానిమే (జపాన్ కార్టూన్లు) చూడండి. సబ్‌టైటిల్స్ తీసేసి. పిల్లలు అలాగే నేర్చుకుంటారు.

పాత_రేడియో
పిల్లలకి ఎదురుగా అమ్మ ఉంటుంది, చూపిస్తూ మాట్లాడుతుంది, రోజంతా వాళ్ళకి వేరే ఉద్యోగం లేదు. పెద్దవాళ్ళం ఒక పాఠాన్ని సాయం లేకుండా హాయిగా అర్థం చేసుకోవాలంటే నూటికి 98 మాటలు ముందే తెలిసి ఉండాలని పదసంపద మీద పనిచేసినవాళ్ళు అంటారు. నూటికి 60 తెలిసినవాడు సబ్‌టైటిల్ తీసేస్తే చూసేది బొమ్మల్ని. ఆ భాషలోనే సబ్‌టైటిల్ పెట్టుకోండి, వేగం 0.75కి తగ్గించండి. తెలియని కాంజీ మీద మౌస్ పెడితే అర్థం చూపించే యోమితాన్ లాంటివి బ్రౌజర్‌లో ఉంచుకోండి. ఎవరైనా అసలు మనిషి ఆ మాట ఎలా పలుకుతాడో కావాలంటే ఫోర్వో అనే సైట్ ఉంది.

నిదానం
నోటి సంగతికి వస్తే ఒక్కటే చెబుతా. పాత_రేడియో గారు చెప్పిన అరనిమిషం ముక్కనే మీ గొంతుతో రికార్డు చేసి, అసలుదాని పక్కన పెట్టి వినండి. మొదటి వారం భరించడం కష్టం. ఇంకా లోతుకి వెళ్ళాలంటే ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో తయారైన ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, గొంతు పైకి కిందికి వెళ్ళడం గీతగా చూపిస్తుంది. జపనీస్‌లో 'హషి' అంటే వంతెనా, అన్నం తినే పుల్లలా అన్నది ఆ గీతలోనే తేలుతుంది.

గోడమీద_పిల్లి
బస్సులో మాత్రం వద్దు.

తోకచుక్క
మూడు వారాల తర్వాత వస్తున్నా. యాప్ తీసేయలేదు గానీ స్ట్రీక్ పోయింది. 431 దగ్గర. రెండు రోజులు ఏదో పోగొట్టుకున్నట్టు ఉంది, తర్వాత మరిచిపోయాను.

చేసినవి: బిళ్ళలు ఆపి టైపింగ్ పెట్టాను. జపనీస్ కీబోర్డులో ఒత్తు కొట్టకపోతే వేరే కాంజీ వస్తోంది కాబట్టి నా తప్పులు వెంటనే పట్టుబడుతున్నాయి. రోజూ ఉదయం అరనిమిషం విని రాస్తున్నాను. మొదటిరోజు 14 మాటల్లో 5 దొరికాయి, నిన్న 11. వ్యాకరణం నోట్సు మొత్తం తెలుగులో తిరగరాస్తున్నాను. ఇది మాత్రం నిజంగా ఆశ్చర్యం. మూడు పేజీల ఇంగ్లీషు నోట్సు తెలుగులో ఎనిమిది లైన్లయింది.

సోమవారం మళ్ళీ అదే ఆయనతో కాల్. ఈసారి 'ఇతదకెమాసు క' వినబడింది! 'కొన్‌షూచూ ని ఒకురిమాసు' అన్నాను, ఈ వారంలో పంపిస్తానని. ఆయన సంతోషించి, వెంటనే చాలా వేగంగా ఇంకేదో అన్నారు. అదేంటో రికార్డింగ్ ఇంకా వినలేదు.

గోడమీద_పిల్లి
ఆ రెండోదానికి ఏమన్నారు?

తోకచుక్క
హై.

వానపాము
431 దగ్గర పోయిందా... నాకు చదువుతుంటేనే గుండె కలుక్కుమంది.

కీబోర్డు_కామేశం
ద్విత్వాక్షరం గారూ, ముందు వైపు తెలుగు వాక్యం, వెనక జపనీస్, ఇలా ఆంకీలో ఏమైనా చేశారా? ఉంటే ఇక్కడ పెట్టండి. రోజుకు పదే చూస్తాను, ఒట్టు.

ద్విత్వాక్షరం
142 కార్డులే ఉన్నాయి. ఇంటికి వెళ్ళాక ఫైలు ఎక్కిస్తాను. ఆడియో నాది కాదు, జపనీస్ వచ్చిన స్నేహితురాలు చదివి పెట్టింది. 37వ కార్డు మాత్రం ఎవరైనా చూడండి. 'చేసిపెట్టడం'కీ 'చేసి ఉంచడం'కీ నేను వేసిన జోడీల మీద నాకే అనుమానంగా ఉంది.

అల్లరి_అచ్చు
నాకూ పంపండి. బొమ్మలు నేను వేస్తాను.